నొక్కరాని బటన్

బస్తర్ మొత్తంలో మంత్రిగారి భుజానికి భుజం ఆనించి నిలబడి, కంప్యూటర్ బటన్‌కు పూలదండ పడటం కళ్లారా చూసిన ముసలివాణ్ణి నేనొక్కణ్ణే. నా మాట మీద నమ్మకం లేనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లవచ్చు. చెప్పులు మీవో కావో చూసుకుని మరీ వెళ్లండి.

ఆ శుభకార్యానికి మూలం ఒక ప్రకటన. జల సేవా మంత్రిగారు జగ్దల్‌పూర్‌లో మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "ఇకమీదట మన ప్రాంతంలో చెడిపోయిన బోరింగు అనేది ఉండదు. ఎందుకంటే ఇకమీదట బటన్ ఉంటుంది" అన్నారు. బోరింగుకూ బటన్‌కూ ఏమిటి సంబంధమని అడగాలని విలేకరులకు ఉంది. కానీ అప్పటికే సమోసాలు వచ్చేశాయి.

ఆ బటన్ తయారుచేసే భాగ్యం భోపాలపట్నం కిరాణా షావుకారు శ్రీరంగం కొడుకు మురళికి దక్కింది. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన చోట ఫోన్లో యాప్ ఏం నడుస్తుందని, మురళి తెలివిగా అక్కడి జల సేవా ఆఫీసు కంప్యూటర్‌లోనే నడిచే ప్రోగ్రామ్ రాశాడు. పేరు 'నీర్ నమస్తే'. ఊరి పేరు ఎక్కించాలి, కింద ఉన్న బటన్ నొక్కాలి, ప్రింటర్ లోంచి హుకుం కాగితం వస్తుంది. అది పట్టుకుని మిస్త్రీ కాశయ్య సైకిలెక్కుతాడు. అంతే.

కంప్యూటర్ రాకముందు పద్ధతి ఇంకా వెనకబడి ఉండేది. చింతపారా గూడెం నుంచి భీమే అనే ఆవిడ సంతకు వచ్చి, రోడ్డు అవతల నుంచి "కాశన్నా, బోరింగు ఖరాబైంది" అని కేకేసేది. కాశయ్య టీ తాగి వెళ్లి బాగుచేసి వచ్చేవాడు. ఇందులో పారదర్శకత లేదని, కాగితం లేకుండా కాశయ్య ఆఫీసు గేటు దాటరాదని సర్కులర్ వచ్చింది.

కాగితం ఇచ్చే ప్రోగ్రామ్ ఇంకా మొదలు కాకముందే చింతపారా బోరింగులో చైన్ తెగింది. పిడి ఎత్తితే పైకి పోతుంది, వదిలితే కిందికి వస్తుంది, నీళ్లు మాత్రం ఎటూ రావు. భీమే ఇప్పపూలు అమ్ముకోవడానికి శ్రీరంగం దుకాణానికి వచ్చినప్పుడు మురళిని పట్టుకుంది.

"తమ్మీ, వాగులో చెలిమ తోడుకుంటున్నం. పశువులూ గదే తాగుతయి, మేమూ గదే తాగుతం. పిల్లగాండ్లకు కడుపులు పాడైతున్నయి. నీ మిషన్ ఎప్పుడు లేస్తది?"

"అయిపోయింది అక్కా. రేపు మంత్రిగారు ఒక్కసారి చూస్తారు. ఎల్లుండి మీదే మొదటి బోరింగు."

మురళి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. మంత్రిగారు 'చూడటం' అంటే ఏమిటో అతనికి అప్పటికి తెలియదు.

మర్నాడు మంత్రిగారు ఆఫీసుకు వచ్చారు. వెంట నోడల్ ఆఫీసరు నంద సాబ్, పార్టీ కార్యకర్త మంగల్ భాయ్. మంత్రిగారిది ఇంట్లో హల్బీ, సభల్లో హిందీ, ఓట్లడిగేటప్పుడు అన్నీ. నేను తెలుగులో చెబుతున్నాను. మంత్రిగారు తెర చూసి చటుక్కున లేచి నిలబడ్డారు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు సార్," అన్నాడు మురళి.

"మరి ఈ బటన్‌కు బూడిదరంగు ఎందుకు?"

"కంప్యూటర్‌లో బటన్లు పుట్టుకతోనే బూడిదరంగు సార్."

"అరే భాయ్, పుట్టుకను పట్టుకుని వేలాడితే నేను మంత్రినయ్యేవాణ్ణా? మార్చు."

"కస్టమైజ్ కరో," అన్నారు నంద సాబ్. ఆ మాట ఆయన ఆ ఉదయమే నేర్చుకున్నారు. సాయంత్రానికి ఆఫీసులో టీ కూడా కస్టమైజ్ అయి రావడం మొదలైంది.

మురళి బటన్‌కు పార్టీ రంగు పూశాడు. మంగల్ భాయ్ అతని చెవిలో, "రంగు ఎప్పుడంటే అప్పుడు మార్చుకునేటట్టు పెట్టు తమ్ముడూ. ఎలక్షన్లయినాక సాబ్‌కు పనిపడొచ్చు," అన్నాడు. దూరదృష్టి అంటే అదీ.

తర్వాత మూలలు. ప్రజలతో సర్కారు మెత్తగా ఉండాలి, మూలలు గుచ్చుకుంటున్నాయన్నారు. మురళి గుండ్రంగా చేశాడు. ఆ తర్వాత మంత్రిగారి చూపు పక్కనున్న బటన్ మీద పడింది.

"వీడెవడు?"

"అది 'రద్దు' సార్. పొరపాటున పంపిస్తే ఆపడానికి."

"మా సేవలో పొరపాటా? పైగా మా పక్కనే కుర్చీయా? అపోజిషన్‌ను వేదికెక్కించినట్టుంది. తీసెయ్."

తీసేశాడు.

"పైన ఆ మూలన ఇంటూ గుర్తు ఏంటి? మాస్టారు తప్పు పెట్టినట్టు?"

"ప్రోగ్రామ్ మూయడానికి సార్."

"మమ్మల్ని మూసేస్తారా?"

అదీ పోయింది. ఆనాటి నుంచి 'నీర్ నమస్తే' మూతపడటం మానేసింది. సాయంత్రం ఇళ్లకు వెళ్లాలంటే ఆఫీసు మెయిన్ స్విచ్ దించాల్సి వచ్చేది. దాన్ని నంద సాబ్ విద్యుత్ పొదుపు కింద పైకి రిపోర్టు చేసి మెచ్చుకోలు పొందారు.

మధ్యలో సంతలు వచ్చాయి, పోయాయి. భీమే వచ్చి అడిగింది. "మూలలు గుండ్రం చేస్తున్నారక్కా," అన్నాడు మురళి. భీమే గంప దించి, "మా బోరింగు మూలలు మంచిగనే ఉన్నయి తమ్మీ. చైనే లేదు," అంది.

తరువాతి ఆలోచన నంద సాబ్‌ది. బటన్ మీద అక్షరాలెందుకు, చదవలేనివాళ్లకు మంత్రిగారి ముఖమే ఉంటే పోలా? మంత్రిగారు సిగ్గుపడి, "నా మొహం ఎందుకయ్యా, నేను సామాన్యుణ్ణి," అంటూనే జేబులోంచి ఫొటోల కట్ట తీశారు. మురళి బటన్‌ను తనే బొమ్మగా గీశాడు. బాణం గుర్తు దగ్గరికొస్తే ముఖం నవ్వాలి, చేతులు జోడించాలి. అదంతా చేశాడు. నిజం చెప్పాలంటే ఆ నవ్వు అసలు మంత్రిగారి నవ్వుకన్నా బాగా కుదిరింది.

పరీక్షించడానికి కాశయ్యను పిలిచారు. కాశయ్య స్పానర్ పక్కన పెట్టి, మౌస్‌ను సబ్బుబిళ్లలా పట్టుకుని జరిపాడు. బాణం సరాసరి వెళ్లి మంత్రిగారి ముక్కుకు గుచ్చుకుంది.

"ఆపు!" మంగల్ భాయ్ కెవ్వుమన్నాడు. "బస్తర్‌లో, మంత్రి మొహానికి, బాణమా? సెక్యూరిటీవాళ్లు చూస్తే ఆఫీసు ఆఫీసంతా లోపల ఉంటది!"

మురళి రాత్రికి రాత్రి బాణం తీసేసి బంతిపూవు పెట్టాడు. మౌస్ జరిపితే పూవు కదులుతుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాశయ్య మళ్లీ జరిపి, పూవును ముఖం మీదికి తెచ్చి, ఈసారి నొక్కాడు. ముఖం నొక్కుకుపోయినట్టు లోపలికి వెళ్లి వచ్చింది. అన్ని బటన్లూ చేసేది అదే. కానీ అన్ని బటన్లూ మంత్రులు కావు.

"మంత్రిగారి బుగ్గ నొక్కుతావురా?" అన్నారు నంద సాబ్.

"నొక్కమన్నది మీరే గద సాబ్."

"నొక్కితే బాగుండదు. మురళీ, ఈ బటన్ నొక్కడానికి వీల్లేకుండా చెయ్."

నొక్కరాని బటన్‌ను కంప్యూటర్ తనంతట తానే బూడిదరంగుకు మారుస్తుంది. దాని తత్వం అది. మంత్రిగారి ముఖం క్షణంలో బూడిదైపోయింది. మంగల్ భాయ్ తువ్వాలు తీసి కళ్లద్దుకోవడం ఒక్కటే తక్కువ. మురళి మళ్లీ కూర్చుని, నొక్కరాకపోయినా నొక్కవచ్చన్నట్టుగా నిగనిగలాడే బటన్ గీశాడు. పరిపాలనకు సంబంధించిన సాఫ్ట్‌వేర్‌లో అంతకు మించిన పని ఇంతవరకు జరగలేదని నా అభిప్రాయం.

"మరి నొక్కకపోతే హుకుం ఎలా వస్తుంది సార్?" అని అడిగాడు చివరికి.

"గుళ్లో దేవుణ్ణి నొక్కుతామా మురళీ? దర్శనం చేసుకుంటాం. పనులు అవే అవుతాయి," అన్నారు నంద సాబ్.

మురళి తల ఊపాడు. అయితే పాత బూడిదరంగు బటన్‌ను మాత్రం తీసేయలేదు. మంత్రిగారి ముఖం కింద అది అలాగే ప్రాణంతో ఉంది. ధైర్యం చేసి ఉంచాడనుకునేరు. దాన్ని తీస్తే ప్రోగ్రామ్ మొత్తం కూలిపోతోంది, అందుకని ఉంచాడు. టచ్ తెర మీద వేలితో గట్టిగా నొక్కితే నొక్కు ముఖం దాటి దానికి తగులుతుంది. ఎవరు నొక్కుతారులే అనుకున్నాడు.

ఆ వారం సంతకు భీమే ఒట్టి చేతులతో వచ్చింది. చెలిమ కూడా అడుగంటిందట.

"ఎందుకు నొక్కుతలేరు తమ్మీ? కాశన్న ఇక్కడనే కూసున్నడు. చైన్ ఆయన సంచిలనే ఉన్నది. నేను చూసిన."

"మంత్రిగారు వచ్చి ఉద్ఘాటన్, అదే ప్రారంభం, చెయ్యాలక్కా. అప్పటిదాకా ఎవరూ ముట్టకూడదు."

భీమే ముఖం తేటపడింది. "గట్ల చెప్పవేంది మరి! పండుం పూజ కాలేదన్నమాట. మా తాన గూడ మామిడి పండుం కాకముందు కొత్త కాయ ఎవ్వరం ముట్టం. పిల్లగాండ్లు ఏడ్చినా ముట్టనియ్యం." లేచి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కానీ తమ్మీ, కాయ కుళ్లేదాకా మేము పండుం ఆపం."

ఆ రోజు రానే వచ్చింది. ఆఫీసు ఆవరణలోని మైదానంలో షామియానా, జగ్దల్‌పూర్ నుంచి అద్దెకు తెచ్చిన పెద్ద టచ్ తెర, దాని పక్కన ప్రింటర్, ముందు కుర్చీలు. మంత్రిగారి భుజానికి భుజం అని మొదట అన్నాను కదా. మా భుజాల మధ్య ఇద్దరు జవాన్లు, ఒక వెదురు తడిక, దుమ్ము లేవకుండా మైదానమంతా నీళ్లు చల్లుతున్న ట్యాంకర్ ఉన్న మాట నిజమే. గాలి మాత్రం అటునుంచి ఇటే వీచింది.

తన ముఖం మీద తనే వేలు పెట్టుకోవడం అశుభమని పురోహితుడు చెప్పడంతో, మంత్రిగారు తెరకు దండ వేసి నమస్కారం పెట్టారు. తెర మీది మంత్రిగారు తిరిగి నమస్కారం పెట్టారు. ఇద్దరూ చాలాసేపు వినయంగా ఒకరినొకరు చూసుకున్నారు. వెనక నుంచి మురళి ప్రోగ్రెస్ బార్ నడిపించాడు. అది పామేడు బస్సులా ఆగి ఆగి నడుస్తోందని మంగల్ భాయ్ ముందే అభ్యంతరం చెప్పి ఉన్నాడు కాబట్టి ఒక్క గెంతులో చివరికి చేరింది. కంప్యూటర్ చప్పట్లు కొట్టింది. తెర మీద పెద్ద అక్షరాలతో 'చింతపారా: సమస్య పరిష్కృతం' అని వచ్చింది.

లబ్ధిదారుగా భీమేను వేదిక ఎక్కించారు. మంత్రిగారు మైకు ఆమె ముందు పెట్టి, "చెప్పమ్మా, సంతోషమేనా?" అన్నారు.

"పండుం అయిపోయిందా సాబ్?"

"అయిపోయిందమ్మా! అంతా అయిపోయింది!"

"అట్లయితే ఇగ ఎవ్వరైనా ముట్టొచ్చు," అంది భీమే. మైకు వదిలి, తెర దగ్గరికి నడిచి, మంత్రిగారి ముఖం నడిమధ్య బొటనవేలు పెట్టి, బోరింగు పిడి మీద వేసినంత బరువు వేసి నొక్కింది.

ముఖం నవ్వింది. ముఖం చేతులు జోడించింది. పక్కన ప్రింటర్ గురగురమని మొదలుపెట్టింది.

"ఏమిటది?" అన్నారు నంద సాబ్.

"హుకుం సార్. చింతపారాకు మిస్త్రీని పంపమని."

"పరిష్కృతమైన బోరింగుకు మిస్త్రీ వెళితే పరిష్కృతం కానట్టే కదయ్యా! రద్దు చెయ్!"

"రద్దు బటన్ తీయించారు కద సార్."

"అయితే మూసెయ్!"

"ఇంటూ గుర్తు కూడా లేదు సార్."

మెయిన్ స్విచ్ సంగతి ఆ తొందరలో ఆయనకు తట్టలేదు. కాగితం పూర్తిగా బయటికి వచ్చింది. భీమే దాన్ని లాక్కుని, వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి కేకేసింది. "కాశన్నా! కాయితం!" కాశయ్య సంచి భుజానేసుకుని గేటు దాటాడు. ఎవరూ ఆపలేదు, చేతిలో కాగితం ఉంది. పొద్దు వాలేసరికి చింతపారాలో కొత్త చైన్ పడింది. భీమే పిడి వంచితే ముందు గాలి దగ్గింది, ఆ తర్వాత తుప్పునీళ్లు, ఆ తర్వాత తెల్లని నీళ్లు. పిల్లలు బిందెలు వదిలేసి ధార కిందికే తలలు పెట్టారు.

ఇందులో కల్పించింది ఎంత ముసలాయనా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. బూడిదరంగు నిజం. ముక్కుకు బాణం నిజం, బంతిపూవు నిజం. తెర మీద పడ్డ వేలిముద్ర నిజం. దాన్ని ఎవరు తుడవాలో తేల్చడానికి కమిటీ వేశారు, అదీ నిజమే. ట్యాంకర్ సంగతి మైదానాన్ని అడగండి. నేను కల్పించింది ఒక్క ముక్క. మెయిన్ స్విచ్ సంగతి నంద సాబ్‌కు తట్టలేదన్నాను చూశారూ, అది.

వేసవి కథ కదా. వినేవాళ్ల గొంతైనా ఎండకూడదని.