పచ్చ బోర్డు మీద తువ్వాలు

ఆ పొద్దున కొత్త టీచరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మొదటి గంట పాఠం చెప్పడం, రెండో గంటకు సీనియర్ టీచరక్క రాగానే బజారుకు పోయి ఒక కర్టెన్ కొనుక్కురావడం. పరాయి దేశంలో ఇంగ్లీషు నేర్పే ఆ ప్రైవేటు స్కూల్లో చేరి వారమైంది. వసతి ఉచితం అన్న మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ వసతి స్కూలు పైఅంతస్తులో, వెనక మెట్ల దగ్గరున్న ఖాళీ జాగాలో ఉంది. రెండు మంచాలు వేసి, అడ్డంగా ఒక చెక్క నిలబెట్టారు. అక్క మంచం ఇనుప తలుపుకు ఆనుకుని ఉంటుంది. మంటలొస్తే ఇటు పారిపొమ్మని చెప్పే పచ్చ లైటు బోర్డు ఆ తలుపు పైన ఉంది. ఆ వెలుగు కళ్లలో పడుతోందని అక్క దానిమీద తువ్వాలు ఆరేస్తుంది.

"అక్కా, గీజరు ఇవాళ కూడా పనిచేయట్లేదు."

"ఇవాళ కూడా అంటావేంటే, అది నేనొచ్చినప్పట్నుంచీ అంతే. డైరెక్టరుగారినడిగితే, మనమంతా ఒకే కుటుంబం, సర్దుకుపోవాలి అన్నాడు."

"ఆయనింట్లో వేణ్ణీళ్లు రావా?"

"ఆయన ఆ కుటుంబంలో లేడులే."

కొత్త టీచరమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆ రోజే ఆమె మొదటి క్లాసు. అది చూసి, ఆమెను ఉంచుకుంటారో పంపేస్తారో ఆ సాయంత్రమే తేలుస్తారు. వీసా డైరెక్టరు చేతిలో ఉంది, మంచమూ ఆయనదే. పంపేస్తే మాత్రం మేనత్తకు మొహం చూపించాలి. "నోట్లో నాలుక లేని పిల్ల, దేశంకాని దేశంలో పాఠాలేం చెబుతుంది?" అని ఆవిడ ఎయిర్‌పోర్టులో, బంధువులందరి ముందూ అడిగింది.

పాఠం ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. చేరిన రోజున నోరు పెగల్చుకుని అడిగితే, డైరెక్టరు ఎగాదిగా చూసి, "మీ మొహంలోనే టీచరు కళ ఉందమ్మా. నేర్పితే పాడైపోతుంది" అన్నాడు. నేర్పకపోయినా నియమాలు మాత్రం చెప్పాడు. తర్వాతి టీచరు వచ్చేదాకా క్లాసు వదిలి కదలకూడదు. గుమ్మం దాటి లోపలికొచ్చిన విద్యార్థి ఇంగ్లీషు తప్ప ఒక్క ముక్క మాట్లాడకూడదు, మాట్లాడితే ఆ పూటకు ఇంటికే. టీచరు "చాలు" అనేదాకా ఏ అభ్యాసమూ ఆపకూడదు.

ఆ క్లాసులో అందరూ పెద్దవాళ్లే. ముందు బెంచీలో ఒక టాక్సీ డ్రైవరు, పక్కన బ్యూటీపార్లర్ ఆవిడ, కిటికీ దగ్గర ఒక బామ్మగారు. బామ్మగారు చాలా నెలలుగా వస్తున్నారు గానీ సిగ్గుతో ఇంతవరకూ నోరు విప్పలేదు. మొదటి గంట పరిచయాలతో గడిచింది. గంట కొట్టారు. అక్క రాలేదు. రిసెప్షన్ అమ్మాయి తల లోపలికి పెట్టింది.

"మీ అక్కను ఊరవతల ఏదో ఆఫీసులో పాఠం చెప్పమని పంపించారండీ. మధ్యాహ్నం దాకా మీరే."

"నా దగ్గరున్నది ఒక్క పాఠమే!"

"అయితే అదే మెల్లిగా చెప్పండి."

మెల్లిగా చెప్పేందుకు ఆ పాఠం అప్పటికే అయిపోయింది. కూరగాయలు కొనడం నేర్పింది, డాక్టరుకు కడుపునొప్పి చెప్పడం నేర్పింది. సరుకంతా అయిపోయి బోర్డు తుడుస్తూ నిలబడ్డ సమయానికి డైరెక్టరు వచ్చాడు. వెంట ఒక హోటల్ యజమానురాలు ఉంది. తన సిబ్బందినంతా అక్కడ చేర్పించాలా వద్దా అని చూసిపోవడానికి వచ్చిందావిడ.

"క్లాసులో ప్రాణం లేదమ్మా" అన్నాడు డైరెక్టరు, నవ్వు చెదరకుండా పళ్లమధ్య నుంచి. "మేం కింద ఒక చుట్టు చుట్టి వస్తాం. ఈలోగా కాస్త ప్రాణం పోయండి."

కంగారులో ఆమెకు రోజూ కళ్లముందుండే పచ్చ బోర్డు ఒక్కటే తట్టింది. పైఅంతస్తులో మంటలొచ్చి ఇల్లు తగలబడుతోందన్న పాఠం మొదలుపెట్టింది. డ్రైవరు కిటికీలోంచి సాయం కోసం అరవాలి. పార్లర్ ఆవిడ బల్లలు బాదుతూ అందర్నీ లేపాలి. మాట్లాడే పని లేదు కనుక స్పృహ తప్పే వేషం బామ్మగారికిచ్చింది.

వాళ్లు మనసుపెట్టి చేశారు. వీధిలో హారన్ల మీద బతికిన డ్రైవరు గొంతు నాలుగు సందుల దాకా వినిపించింది. రిసెప్షన్ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ స్కూల్లో ఇంగ్లీషు ఎవరూ అంత ధైర్యంగా మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. నిజంగా ప్రాణం మీదకొస్తే తప్ప అలా రాదనుకుని అలారం నొక్కి, ఫైరింజనుకు ఫోన్ చేసింది.

అలారం మోగగానే కొత్త టీచరమ్మ పాఠంలోని మంట నిజంగానే అంటుకుందనుకుంది. "బయటికి పదండి!" అని ఇంగ్లీషులో కేకలు పెట్టింది. టీచరు ఎంత బాగా నటిస్తోందోనని విద్యార్థులు మురిసిపోయి, ఇంకా గట్టిగా అరిచారు. "చాలు" అన్న మాట మాత్రం ఆమె నోటికి రాలేదు.

ఫైరింజను మనుషులు లోపలికొచ్చి, తమ భాషలోనే, "మంట ఎక్కడ?" అని అడిగారు. వాళ్ల వెనకే డైరెక్టరు ఉన్నాడు. ఆయన కళ్లముందు సొంత భాష మాట్లాడితే ఇంకేమన్నా ఉందా? క్లాసంతా ఒక్క గొంతుతో ఇంగ్లీషులో, "మంట పైన ఉంది. దయచేసి మా బామ్మను కాపాడండి" అంది. వచ్చినవాళ్లలో ఇద్దరు కలిసి బామ్మగారిని స్ట్రెచర్ మీద వేసుకున్నారు. ఆవిడ కళ్లు తెరవలేదు. మిగతావాళ్లు వెనక మెట్లెక్కి ఇనుప తలుపు నెట్టారు. అవతలివైపు నుంచి అక్క మంచం ససేమిరా అంది. చివరికి తలుపు తెరుచుకుంది, మంచం దొర్లింది, అడ్డం పెట్టిన చెక్క కూలింది.

"ఏదమ్మా మంట?" అన్నాడు డైరెక్టరు.

"పాఠంలో ఉంది సార్."

"సాయంత్రం దాకా అక్కర్లేదు. ఇప్పుడే సామాను సర్దుకోండి!"

అంతలో ఫైరాఫీసరు మెట్లు దిగి వచ్చాడు. చేతిలో తడి తువ్వాలు పట్టుకుని, ఈసారి ఇంగ్లీషులోనే అడిగాడు. "పైన ఎవరుంటున్నారు?"

"అబ్బే, ఎవరూ లేరండీ. అది సామాన్ల గది" అన్నాడు డైరెక్టరు.

"మీ సామాన్లు బట్టలుతికి ఆరేసుకుంటాయా?"

ఎలాగూ మూట కట్టుకోవాల్సిందే కదా అనుకునేసరికి కొత్త టీచరమ్మకు ఎక్కడలేని తెగింపు వచ్చింది. "మేమిద్దరం టీచర్లం ఉంటామండీ. నిజంగా మంటలొస్తే ఆ మంచం జరిపితేగానీ బయటపడలేం. వేరే చోటు అడిగితే సర్దుకుపోమన్నారు" అంది, ఒక్క ఊపిరిలో.

ఆఫీసరు తువ్వాలును డైరెక్టరు చేతిలో పెట్టాడు. "సాయంత్రంలోగా కిటికీ, సరైన దారీ ఉన్న గదిలోకి వీళ్లను మార్చాలి. లేదంటే స్కూలుకు తాళం వేస్తా." ఆ భవనంలో అలాంటి ఖాళీ గది ఒక్కటీ లేదు. ఖాళీ చేయగలిగింది ఒకటుంది, అది డైరెక్టరుగారి ఆఫీసు.

డైరెక్టరు వెంటే వచ్చి గుమ్మంలోంచి అంతా చూస్తున్న హోటల్ యజమానురాలు ముందుకొచ్చింది. "ఇంత గొడవలోనూ మీవాళ్లు ఒక్క ముక్క సొంత భాషలో మాట్లాడలేదు! మా సిబ్బందినంతా చేరుస్తాను. అయితే ఈ అమ్మాయే చెప్పాలి."

డైరెక్టరు ఆ తడి తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నాడు. "నేను మొదటిరోజే చెప్పానండీ, ఆ మొహంలో కళ ఉందని."

స్ట్రెచర్ మీంచి బామ్మగారు ఒక కన్ను తెరిచి, స్పష్టమైన ఇంగ్లీషులో, "టీచర్, ఇక లేవచ్చా?" అన్నారు. అది ఆవిడ మాట్లాడిన మొదటి వాక్యం. క్లాసంతా చప్పట్లు కొట్టింది. కొత్త టీచరమ్మ కళ్లు తుడుచుకుని, అప్పుడన్నది, "చాలు" అని.

సాయంత్రం అక్క అలిసిపోయి వచ్చి, పైనంతా వెతికి కిందికి దిగింది. "నా మంచమేదే?"

"ఆఫీసు గదిలో అక్కా. ఇకనుంచి అది మనదే."

"మరి ఆయన?"

"రిసెప్షన్ బల్ల పక్కన కుర్చీ వేసుకున్నారు. సర్దుకుపోతున్నారు."

అప్పుడే డైరెక్టరు మరిచిపోయిన కళ్లజోడు కోసం వచ్చి, తన గది తలుపు తానే మెల్లిగా తట్టాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "రేపటి పాఠం ఏమిటమ్మా?" అని అడిగాడు.

"గీజరు పాడైందని ఇంటి ఓనరుకు చెప్పడం, సార్. కిటికీలు తెరిచి, అందరిచేతా గట్టిగా చెప్పిద్దామనుకుంటున్నా."

మర్నాడు పొద్దున పాఠం కంటే ముందు గీజరు బాగుచేసే మనిషి వచ్చాడు.