దొరసాని వాంగ్మూలం

“నేర ప్రపంచం గుండెల్లో నిద్రపోయే మగాడు ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ప్రస్తుతం వాడు నీ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు” అన్నాడు లోలకం.

ఆ స్టూలు నాది. దుకాణమూ నాదే. నేను బట్టలు కుడతాను, అతను పక్క దుకాణంలో గడియారాలు బాగుచేస్తాడు. నడిచేటప్పుడు అటూ ఇటూ ఊగుతాడు కాబట్టి లోలకం అన్న పేరు స్థిరపడిపోయింది. కంటికి బిగించుకునే భూతద్దం ఒకటి ఉంది కదా, తాను పుట్టు డిటెక్టివ్‌నని అతని నమ్మకం. ఇప్పటిదాకా నాలుగు కేసులు పట్టాడు. నాలుగింటిలోనూ పోయిన వస్తువు చివరికి అతని జేబులోనే దొరికింది.

అప్పుడే మా అక్క ఫోన్ చేసింది. అక్క ఆస్పత్రిలో నర్సు, ఒంటరి మనిషి. తొమ్మిదేళ్లుగా ఆమెకు తోడు దొరసాని అనే బూడిదరంగు పిల్లి. నాలుగు రోజుల కిందట అంబులెన్సు షెడ్డు వెనక వానలో తడుస్తున్న పిల్లికూనను చూసి, మనసాగక ఇంటికి తెచ్చుకుంది. గుప్పెడంత ఉందని బుడంకాయ అని పిలిచింది. ఆ క్షణంలోనే దొరసాని బీరువా ఎక్కేసింది. అవసరానికి తప్ప దిగడం లేదు. కూన కనిపిస్తే చాలు, కుక్కరులా బుసకొడుతోంది. నిన్న పొద్దుటి నుంచి తిండి కూడా ముట్టలేదు. పశువుల డాక్టరు చూసి ఒంట్లో జబ్బేమీ లేదన్నాడట.

“ఐదింటికి మా వార్డు ఆయా వచ్చి బుడంకాయను తీసుకెళ్తానంది. ఈలోగా నువ్వొకసారి వచ్చి చూసి వెళ్లరా” అంది.

నేను చెప్పినదంతా విని లోలకం ‘తిండి ముట్టలేదు’ అన్న ముక్కను మాత్రమే పట్టుకున్నాడు. ఇది విషప్రయోగమని తేల్చేశాడు. వద్దంటున్నా నా వెంట బయల్దేరి, దారి పొడవునా గోడలకు అంటుకుపోయి నడిచాడు. రెండు చోట్ల చొక్కాకు సున్నం అంటింది.

అక్క ఇంటి గుమ్మంలోకి రాగానే జేబులోంచి ఉన్ని చేతితొడుగులు తీసి వేసుకున్నాడు. వేలిముద్రలు పడకూడదట. పడితే నీ వేలిముద్రలే కదా పడేది, నష్టమేమిటని అడిగాను. గొప్పవాళ్లందరూ వేసుకుంటారన్నాడు.

మొదటి అనుమానితుడు బుడంకాయ. లోలకం దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని బుగ్గలు, చెవుల వెనక, గడ్డం కింద, పొట్ట మీద తొడుగుల చేతులతో సోదా చేశాడు. విషం పొట్లం దొరకలేదు. కూన మాత్రం తనను ముద్దుచేస్తున్నారనుకుని గుర్రుగుర్రుమంటూ నిద్రపోయింది. ‘అనుమానితుడు అమాయకత్వం నటిస్తున్నాడు’ అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

తర్వాత స్టూలెక్కి బీరువా మీది దొరసానిని విచారించాడు. అవే తొడుగులతో దాని బుగ్గలు కూడా తడిమి, ఎవరు చేశారీ పని అని అడిగాడు. అది మ్యావ్ అంది. మళ్లీ అడిగాడు. మళ్లీ మ్యావ్ అంది. మూడోసారికి దానికి విసుగొచ్చి పంజా విసిరింది. గోళ్లకు తొడుగు చిక్కుకుంది, స్టూలు ఒరిగింది, ప్రఖ్యాత డిటెక్టివ్ వచ్చి అక్క ఇస్త్రీ చేసి పెట్టుకున్న యూనిఫారాల మీద పడ్డాడు.

పడ్డ చోటి నుంచే కేసు తేలిపోయిందని ప్రకటించాడు. ఆలోచనలు వరసలో పెట్టుకోవడానికి అరగంట కావాలన్నాడు. అక్క అతని మణికట్టు మీది గీతకు మందు రాసి, కూన తువ్వాలు మడిచి బుట్టలో సర్దింది. సర్దిన తువ్వాలునే తీసి మళ్లీ మడిచింది. ఆ చేతులను చూడలేక నేను తల పైకెత్తాను. దొరసాని తన గోళ్లకు చిక్కి బీరువా మీదే ఉండిపోయిన తొడుగును చూసి బుసకొట్టింది, రెండు దెబ్బలు వేసింది, అంచుదాకా తోసింది. ఏమనుకుందో మళ్లీ లాక్కుని దాని మీద బుగ్గ ఆనించి పడుకుంది. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

నాలుగున్నరకు లోలకం మా ఇద్దరినీ, కూననూ వరసగా కూర్చోబెట్టాడు.

“బాధితురాలి వాంగ్మూలం నా దగ్గరుంది. నేరస్థుడెవరని ముమ్మారు అడిగాను. ముమ్మారూ ‘మావ’ అనే చెప్పింది. అక్కా, మీ పిల్లులకు మేనమామ ఎవరు?”

అక్క నావైపు చూసింది. నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతుండగా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దొరసాని దిగుతోంది. బీరువా మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి నేల మీదికి. కూన చుట్టూ నెమ్మదిగా తిరిగింది. కూన నేలకు అతుక్కుపోయింది. దొరసాని దాని బుగ్గ వాసన చూసింది, చెవి వాసన చూసింది. గుర్రుమనబోయింది గానీ, గొంతులోనే ఆగిపోయింది. ఎంగిలి పళ్లెం కడిగినట్టు కూన నుదుటి మీద ఒక్కసారి బరుకుగా నాకి, తిన్నగా తన గిన్నె దగ్గరికి పోయి తినడం మొదలుపెట్టింది. బుడంకాయ వెళ్లి పక్కన తల దూర్చింది. దొరసాని విసుగ్గా రెండంగుళాలు జరిగింది.

“చూశారా, హంతకుడి పేరు బయటపడగానే సాక్షికి ధైర్యం వచ్చింది” అన్నాడు లోలకం. ఇక్కడ ఎవరూ చావలేదని గుర్తుచేశాను. అది తాను వేళకు రావడం వల్లనేనన్నాడు.

అక్క ముందు ఆయాకు ఫోన్ చేసి రావద్దంది. తర్వాత డాక్టరుకు చేసింది. పిల్లులు తమవాళ్లను వాసనతోనే గుర్తుపడతాయట. ఒకే గుడ్డతో రెండింటినీ తుడుస్తూ, ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటు చేయమని ఆయనే చెబుతుంటాడట. మామూలుగా రోజులు పట్టే పనిని ఒక పూటలో చేసిందెవరని అడిగాడు. ఇది అదృష్టమనుకుని ఇంకో వారం గిన్నెలు వేరుగా పెట్టమనీ, మీరు లేనప్పుడు గదులు కూడా వేరు చేయమనీ చెప్పాడు. అక్క ఫోన్ చేత్తో పట్టుకునే, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

లోలకం నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి కలం నా చేతికిచ్చాడు.

“నేరం ఒప్పుకుంటావా?”

చెప్పాలంటే చాలా ఉంది. అక్క ఇంకా నవ్వుతూనే ఉంది. గిన్నెలో రెండు తలలు ఆనుకుని ఉన్నాయి.

“ఒప్పుకుంటున్నాను” అని సంతకం పెట్టాను.