గొడుగు కింద అబ్రఫి

శనివారం పొద్దున డుఫియె కూతురికి నామకరణం. పాపకు అమ్మమ్మ అబ్రఫి పేరే అనుకున్నారు. ఆ పేరుగలావిడే వచ్చి పాప నాలుకకు నీటిచుక్క తాకించాలి. వెనక వీధిలోని డుఫియె ఇంటిదాకా నడిస్తే చాలు. చిక్కల్లా, అబ్రఫి నడవదు.

ఆసుపత్రి నర్సు, "ఎముకలు గుల్లబారాయి, పడకుండా చూసుకోండి, రోజూ కాస్త నడవండి" అంది. అబ్రఫి చివరి మాట అక్కడే వదిలేసి వచ్చింది. అప్పటినుంచి మంచం దిగితే కుర్చీ, కుర్చీ దిగితే మంచం.

"నువ్వు రాకపోతే మా ఆయన మేనత్త చుక్క వేస్తుంది. తన పేరే పెట్టేస్తుంది, చూసుకో!" అని డుఫియె బెదిరించింది.

"దేవుడా, ఈ ఎముకలు నువ్విచ్చినవే. దారీ నువ్వే చూపించు," అని అబ్రఫి కళ్లు మూసుకుంది. దేవుడు విన్నాడనే అనుకోవాలి. కానీ పంపింది మాత్రం ఆమె చెల్లెలి కొడుకులు అసియెదు, బోవాదిలను. వాళ్లు కుర్చీకి రెండు వెదురుగడలు కట్టి భుజాలకెత్తుకున్నారు.

"మెల్లిగారా! గుడ్లబుట్ట మోస్తున్నామనుకోండి!"

"గుడ్లింత బరువుండవు, పెద్దమ్మా!"

ఎండగా ఉందని పక్కింటామె పెద్ద గొడుగు పట్టింది. అదే కొంప ముంచింది. ఆ ఊళ్లో భుజాలమీద కుర్చీ, కుర్చీమీద గొడుగు రాజవంశానికే చెల్లుతాయి. వీధి మూలన ఎవరి అంత్యక్రియలకో డప్పులు సరిచూసుకుంటున్నవాళ్లు చటుక్కున రాజదరువు అందుకున్నారు. మగవాళ్లు చెప్పులు విడిచి, భుజంమీది గుడ్డ దించారు. ఆడవాళ్లు తెల్లరుమాళ్లు ఊపారు.

"ఎవరే ఆవిడ?"

"కొత్తగా గద్దెనెక్కిన రాజమాతట!"

"మరి పాతావిడో?"

"అయ్యో, ఎప్పుడు పోయిందో పాపం!" అని ఒకామె ఏడుపందుకుంది.

"ఒరే, సందులోకి తిప్పండిరా!" అని అబ్రఫి అరిచింది. జనం తిప్పనివ్వలేదు. కాసేపటికి ఆవిడ అరుపు మాని చెయ్యి ఊపిందని చూసినవాళ్లంటారు.

ఊరేగింపు తిన్నగా రాజమాత ఇంటిముందుకే వెళ్లి ఆగింది. పోయిందనుకున్న ముసలావిడ తానే బయటికొచ్చింది. డప్పులు ఆగిపోయాయి. అసియెదు, బోవాది కుర్చీ కింద పెట్టి మాయమయ్యారు.

"నేనుండగానే నిన్నెవరే కూర్చోబెట్టింది?"

"ఎవరూ కాదు తల్లీ, నా ఎముకలు. గుల్లబారాయి. కదిలితే విరుగుతాయని భయం."

"నావీ గుల్లే! కదలకపోతే ఇంకా గుల్లవుతాయని ఆ నర్సు నీకు చెప్పలేదూ?"

అప్పుడే వెనక వీధిలో ప్రార్థన పాట మొదలైంది. పాట అయితే ఇక నీటిచుక్కే.

"లే, నా చెయ్యి పట్టుకో," అంది రాజమాత.

అబ్రఫి మొదటి అడుగు వేసింది. ఏదీ విరగలేదు. అల్లుడి మేనత్త మొహం కళ్లముందు మెదిలింది. సందు మలుపు వచ్చేసరికి, "ఆగవే, నన్ను రానీ!" అని రాజమాతే వెనకనుంచి రొప్పుతూ కేకేస్తోంది.

నీళ్లగిన్నె అప్పటికే మేనత్త చేతిలో ఉంది. అబ్రఫి దాన్ని లాక్కుని, పాప నాలుకకు చుక్క తాకించి, తన పేరు వీధంతా వినబడేలా చెప్పింది.

పేరు పాపకు బాగానే నప్పింది: కింద దించితే ఊరుకోదు కనుక, పొద్దస్తమానం అమ్మమ్మే మోసుకు తిరుగుతోంది.