యాస లేని నోరు, ఊరు లేని పిల్ల

పిల్లల నోట్లోంచి ఊరిని కడిగిపారేసే స్కూళ్ళకి మనం గుడి కట్టాలి! రోజుకి రెండుసార్లు పళ్ళు తోమిస్తున్నాం కదా, యాస మాత్రం పాచిలా పట్టి ఉండాలా? మా రాజాంలో మావాడు చదివే స్కూలు ఈ పుణ్యకార్యం నాలుగేళ్ళుగా చేస్తోంది. అక్కడ 'ఏమిటి' అనకుండా 'ఏటి' అన్నవాడు బెంచీ ఎక్కాలి. 'సూడు' అన్నవాడు బెంచీ ఎక్కి చేతులు కూడా పైకెత్తాలి. ఆ స్కూలు తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే. పేరు మురళీమోహన్.

ఫలితాలు చూడండి. మొన్న మా అమ్మ దాలమ్మ "ఏటి కూర కావాలిరా?" అని అడిగితే, మావాడు నాగావళి ఏటిదా, వంశధార ఏటిదా అని వినయంగా తిరిగి అడిగాడు. ఎంత జనరల్ నాలెడ్జి! ఇంకోసారి సంతలో వంకాయలమ్మే ఆమెతో "దయచేసి ఒక కిలో తూచి ఇవ్వగలరా?" అన్నాడు. ఆవిడ కంగారుపడి, ఎవరో సర్వే ఆఫీసరనుకుని ఆధార్ కార్డు తీసి చూపించింది. పదేళ్ళకే అంత గౌరవం ఎవరికి దక్కుతుంది చెప్పండి?

ఇంట్లో నానమ్మా మనవడూ మాట్లాడుకోవడం తగ్గిపోయి ప్రశాంతత కూడా పెరిగింది. మా అమ్మ మాత్రం వీధి వైపు చూస్తూ కూర్చుంటుంది. పెద్దవాళ్ళకి అభివృద్ధి ఒక పట్టాన అర్థం కాదు.

ఇంత చక్కగా సాగుతున్న ఉద్యమానికి ఒక్క పిల్ల అడ్డం పడింది. పేరు కోమల్. వాళ్ళ నాన్న భన్వర్‌లాల్ రాజస్థాన్ నుంచి మార్బుల్ పరిచే పనికి వచ్చి, మా పక్క వాటాలో దిగి పన్నెండేళ్ళయింది. కోమల్ ఇక్కడే పుట్టింది. తల్లీ తండ్రీ పనికి వెళితే మా అమ్మ దగ్గరే పెరిగింది. ఇంట్లో మార్వాడీ, గడప దాటితే మా అమ్మ భాష. నన్ను మావా అంటుంది, మా అమ్మని అమ్మమ్మా అంటుంది. తెలుగంటే మా అమ్మ నోట్లోంచి వచ్చేదేనని ఆ పిల్ల నమ్మకం. స్కూల్లో బెంచీ ఎక్కించిన ప్రతిసారీ, అక్కణ్ణుంచే "ఏటి టీచర్, ఏటన్నాను?" అని అడుగుతుంది. ఇక దిగేదెప్పుడు!

తెలుగు భాషా దినోత్సవానికి 'మా ఊరు' అనే అంశం మీద మాట్లాడతానని ఈ పిల్ల పేరిచ్చింది. వారం రోజులు మా అరుగు మీదే ప్రాక్టీసు. మా అమ్మ అన్నం కూడా మరిచిపోయి వింది. కమిటీ అత్యవసరంగా సమావేశమై పేరు కొట్టేసింది. కారణాలు రెండు. ఒకటి, ఆ పిల్లది ఈ ఊరు కాదు. రెండు, ఆ పిల్ల మాట అచ్చం ఈ ఊరి మాటలా ఉంది. రెండు నేరాలూ ఒకే మనిషిలో! కింద సంతకం నాదే.

ఆ సాయంత్రం కోమల్ వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఏడవలేదు.

"మావా, ఎండాకాలం మా నాన్నోల ఊరెల్తే నన్ను మద్రాసీ పిల్లంతారు. ఇక్కడ సేటు పిల్లంతారు. ఇంకో ఊరేటైనా ఉంటే సెప్పు, అదే నాదని సెప్పుకుంతాను."

రూల్సమ్మా, అన్నాను. అధ్యక్షుడు అంతకంటే ఏమంటాడు?

కార్యక్రమం రోజు ఆ అంశం మీద మావాడే మాట్లాడాడు. యమున టీచర్ రాసిచ్చిన ప్రసంగం. సస్యశ్యామలం, గలగలలు, కిలకిలలు అన్నీ ఉన్నాయి. ఒక్క తప్పు లేదు, ఒక్క యాస లేదు, ఒక్క రాజాం లేదు! ముందు వరసలో మా అమ్మ, పక్కన కోమల్. మా అమ్మకి వినపడుతోంది గానీ బోధపడడం లేదు. వాక్యానికోసారి కోమల్ వైపు వంగుతోంది. తన అవకాశం లాక్కున్నవాడి ప్రసంగాన్ని ఆ పిల్ల మా అమ్మ చెవిలో మా అమ్మ మాటల్లోకి మార్చి చెబుతోంది. తెలుగు దినోత్సవం నాడు, తెలుగులోంచి తెలుగులోకి, మార్వాడీ పిల్ల అనువాదం! ఇంత ఘనత ఇంకే ఊరి కమిటీకైనా ఉందా?

చప్పట్లయ్యాక మావాడు కప్పు పట్టుకుని వచ్చాడు. మా అమ్మ వాడి తల నిమిరి, నా మొహంకేసి చూసింది.

"పిల్లడు బాగానే సెప్పినాడు. ఏ ఊరోడురా ఈడు?"

వెటకారం నా మీదే. కానీ తగిలింది మావాడికి. నానమ్మ మాట వాడికి ఇన్నాళ్ళకి మొదటిసారి తర్జుమా లేకుండా అర్థమైంది. మొహం చిన్నబోయింది. ఏదో చెప్పబోయి, తన తెలుగు మీద నమ్మకం చాలక, కోమల్ చెయ్యి పట్టుకున్నాడు. నాదీ ఈ ఊరేనని నానమ్మకి నువ్వు చెప్పవా అని బతిమాలాడు.

కోమల్ వాణ్ణి ఎగాదిగా చూసింది. ఆ పిల్ల కాదు అంటే, నోరెత్తే హక్కు నాకు లేదు.

"మనోడే అమ్మమ్మా" అంది. "మాట నాను నేర్పుతాన్లే."