జురాంగ్ వెస్ట్‌లో ప్లిమత్ రాయి

సింగపూర్‌లో పెరిగే ప్రతి తెలుగు బిడ్డా అమెరికా చరిత్ర నేర్చుకోవాలి. పుస్తకంలో చదివితే చాలదు, చేత్తో ముట్టుకుని నేర్చుకోవాలి. ఇది నా దృఢమైన అభిప్రాయం. కాదనేవాళ్ళు ఈ వ్యాసం చివరిదాకా కాస్త ఓపిక పట్టాలి.

నీ అర్హత ఏమిటంటారా? మలేషియాలో పుట్టి, ఉద్యోగం కోసం కిందికి దిగొచ్చి, జురాంగ్ వెస్ట్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో కాపురముంటున్న వెంకటరాముణ్ణి నేను. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్న నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి ఒక హోమ్‌స్కూల్ కో-ఆప్ పెట్టుకున్నాయి. దాని కరిక్యులమ్ కమిటీకి నేనే అధ్యక్షుణ్ణి. ఆ పదవి ఎలా వచ్చిందంటే, మొదటి మీటింగుకి ఆలస్యంగా వెళ్ళాను. అప్పటికే ఎన్నికైపోయాను.

అమెరికా చరిత్రే ఎందుకు? సింగపూర్ చరిత్ర ఉంది కదా అని మా ఆవిడ మేనక అమాయకంగా అడిగింది. దాని మీద మా పిల్లలు ఎలాగూ ప్రభుత్వం పెట్టే క్విజ్ రాయాలి. క్విజ్ ఉన్నదాన్ని బట్టీ పడతారు గానీ చేత్తో ముట్టుకుంటారా? పోనీ మలేషియా చరిత్ర? అక్కణ్ణించే కదా వచ్చాం, మళ్ళీ వెనక్కెందుకు! తెలుగువాళ్ళ చరిత్ర? అది పెద్దవాళ్ళకి ఎలాగూ తెలుసు, పిల్లలకి చెప్పడం దండగ. ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే చివరికి అమెరికా మిగిలింది. పైగా అది పాఠాలూ సరంజామా అన్నీ సర్ది, అమెరికా నుంచి పెట్టెలో వస్తుంది.

పెట్టెలో రావడం మామూలు సంగతి కాదు. మూడు కంపెనీల పెట్టెలు చూశాం. ఒకదాంట్లో పిల్లలు లాగే గుడ్డకప్పు బండి ఉంది. ఇంకోదాంట్లో సీసా ఊపి వెన్న తీసే సరంజామా ఉంది. మూడోదాంట్లో రాయి ఉంది. నాలుగొందల ఏళ్ళ కిందట ఓడ దిగిన వలసవాళ్ళు మొదట కాలు పెట్టారని చెప్పుకునే ప్లిమత్ రాయికి అచ్చమైన నమూనా. ప్లాస్టిక్‌ది. రాయిని చూశాక ఇంక చర్చ లేదు, నాలుగు చేతులూ ఒక్కసారే లేచాయి.

ఆ రాయిని మా హాల్లో షోకేసులో పెట్టాం. ముట్టుకునే ముందు పిల్లలు చేతులు కడుక్కోవాలని కావ్యశ్రీ నిబంధన పెట్టింది. కావ్యశ్రీ మా కో-ఆప్‌కి టీచరు, యూనివర్సిటీలో రీసెర్చ్ చేసే ఉదయ్‌కిరణ్ గారి భార్య, రాజమండ్రి పిల్ల. టీచర్ గైడులో ఉన్న మాట పొల్లుపోనివ్వదు.

మొదటి పాఠం బోస్టన్ తేయాకు తిరుగుబాటు. ఇంగ్లండ్ దొరల పన్ను మీద కోపంతో తేయాకు పెట్టెల్ని సముద్రంలోకి విసరాలి. సింగపూర్‌లో నీళ్ళలో టీ బ్యాగు వేస్తే ఫైను కట్టాలి కదా? అందుకని గాలి కొట్టే నీలం తొట్టెను హాల్లో పెట్టి, కింద పాత దుప్పట్లు పరిచి, పక్కింటివాళ్ళకి ముందుగా చెప్పి, వాళ్ళు సరేనన్నాక తిరుగుబాటు చేశాం. ఇంత క్రమశిక్షణ గల తిరుగుబాటు బోస్టన్‌వాళ్ళు కలలో కూడా చూసి ఉండరు! తిరుగుబాటు ముగిశాక మా అమ్మ పాపమ్మ తొట్టెలోంచి టీ బ్యాగులు ఏరి, పిండి, బాల్కనీలో ఆరేసింది.

రెండో పాఠం, వలసవాళ్ళు ఊరు కట్టుకోవడం. ఇక్కడే పక్కపేట చోవా చూ కాంగ్ నుంచి వచ్చే హేమంత్, పదేళ్ళవాడు, చెయ్యెత్తాడు.

"ఆంటీ, అక్కడ ఆల్రెడీ మనుషులున్నారు కదా? వాళ్ళు చోప్ చేసిన ప్లేస్ కదా? కెనాట్ టేక్ లా."

తెలియనివాళ్ళకి చెబుతాను. ఇక్కడ తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి అన్నం తెచ్చుకోవడానికి వెళ్ళొచ్చు. తిరిగొచ్చేదాకా ఆ బల్ల జోలికి ఎవరూ రారు. దాన్నే చోప్ చేయడం అంటారు. టిష్యూ పొట్లానికే అంత గౌరవం దక్కే దేశంలో పెరిగిన పిల్లాడికి, మనుషులు కూర్చుని ఉన్న బల్లని లాక్కోవడం ఎలా బోధపడుతుంది? కావ్యశ్రీ గైడంతా తిరగేసింది. అక్కడి మనుషులు పెట్టుకునే ఈకల కిరీటం కాగితంతో అతికించమని ఉంది, అతికించారు.

మూడో పాఠం ఎల్లిస్ ద్వీపం. న్యూయార్క్ రేవు దగ్గరి దీవి అది. ఓడల్లో వచ్చినవాళ్ళని అక్కడ ఆపి, ప్రశ్నలు వేసి, జబ్బులున్నాయేమో చూసి వదిలేవారట. మా పిల్లలు దాన్ని నాటకంగా ఆడాలి. ఒకరు తక్కువైతే మా అమ్మను పిలిచారు. అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు ఒలుస్తోంది. చేతికి ఒక కార్డు ఇచ్చారు. పేరు బ్రిజెట్, ఊరు ఐర్లండ్, వయసు పందొమ్మిది. అమ్మకి డెబ్భై ఆరు.

కావ్యశ్రీ అట్టటోపీ పెట్టుకుని, ఫారమూ ముద్రా ముందేసుకుని అధికారిణిగా కూర్చుంది. "నీ పేరు?"

"బ్రిజెట్టు" అంది అమ్మ బుద్ధిగా.

"ఓడలో ఎన్నాళ్ళు పట్టింది?"

"మా యమ్మకైతే వారం పట్టిందట."

"ఆంటీ, కార్డులో పన్నెండు రోజులని ఉందండి. సరే, దిగాక ఏమైంది?"

"దిగనిస్తే కదమ్మా. పినాంగు ఎదురుగుండా చిన్న దీవి ఉంటాది. జబ్బులేటైనా ఉన్నాయేమోనని అందర్నీ అక్కడెట్టేసినారు. ఒంటి మీద మందునీళ్ళు పోసినారట. ఆ వాసన సచ్చేదాకా గేపకముండేది మా యమ్మకి."

కావ్యశ్రీ గైడులో వేలు పెట్టుకుని తర్వాతి ప్రశ్న చదివింది. "నీతోపాటు ఏం తెచ్చుకున్నావు?"

కార్డులో లేసు శాలువా అని ఉంది.

"పొత్రం" అంది అమ్మ. "రోలు మొయ్యలేక ఊళ్ళో ఒగ్గేసింది. పొత్రమొక్కటే ఒట్టుకొచ్చింది. రోలు అక్కడ దొరక్కపోదులే అనుకుందట."

అప్పుడు అధ్యక్షుడు కలగజేసుకున్నాడు. "అమ్మా, కార్డులో ఉన్నది చెప్పు. పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు" అన్నాను.

అమ్మ వెంటనే ఆపేసింది. కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "లేసు శాలువా" అంది. అమ్మకి ఇంగ్లీషు చదవడం అంతంతమాత్రమే. మా అమ్మాయి పునీత పక్కన నిలబడి చెవిలో చెప్పింది.

పాఠం అక్కడితో సక్రమంగా ముగిసి ఉండేది. పునీతే ఊరుకోలేదు. "నానమ్మా, ఆ పొత్రం నౌ వేర్?"

"అదిగో, తలుపు కాడ."

పదకొండో అంతస్తు కదా, మాకు గాలి ఎక్కువ. తలుపు కొట్టుకోకుండా దానికి ఒక నల్లరాయి అడ్డం పెట్టుకున్నాం. ఈ ఫ్లాట్‌లోకి మారినరోజు నా చేతులతో నేనే పెట్టాను. మలేషియాలో బగాన్ డాటో దగ్గర కొబ్బరి ఎస్టేటులో మా ఇంటి వెనక ఎప్పుడూ ఉండే రాయే. అది ఏ ఊరి నుంచి, ఏ ఓడలో, ఎవరి ఒళ్ళో వచ్చిందో నేను అడగలేదు. నలభై ఆరేళ్ళ వయసొచ్చేదాకా ఒక్కసారి కూడా అడగలేదు. నాకు సిగ్గేసింది.

పునీతా హేమంతూ ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టారు. తలుపు ధడేలున మూసుకుంది. చేతులు కడుక్కోమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అమ్మ పునీత చేతిని పొత్రం మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి, ఎలా తిప్పాలో చూపించింది. అడుగున అరిగి నున్నగా అయిన చోట పిల్లలు ఒక్కొక్కరే వేళ్ళతో రాసి చూశారు. "నానమ్మా, దిస్ వన్ రియల్ అహ్?" అని పునీత రెండుసార్లు అడిగింది.

కావ్యశ్రీ టోపీ తీసేసింది. "ఆంటీ, మీ అమ్మగారి పేరేంటండీ?"

"రాములమ్మ."

ఫారంలో బ్రిజెట్ అన్నది కొట్టేసి, పైన రాములమ్మ అని రాసి, ముద్ర వేసింది.

అందుకే చెబుతున్నాను పాఠకులారా, మీ పిల్లలకి అమెరికా చరిత్ర తప్పకుండా నేర్పించండి. అంత దూరం నుంచి ఆ పెట్టె రాకపోతే, మా అమ్మను ఓడ గురించి అడిగేవాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు? కన్నకొడుకు ఉన్నాడు గానీ, వాడు కమిటీ పనుల్లో బిజీ.

ఇప్పుడు సమస్యల్లా ఒక్కటే. పొత్రం బల్ల దిగడం లేదు. వారానికి రెండుసార్లు పిల్లలు దాని చుట్టూ చేరుతున్నారు, అమ్మకి ఉల్లిపాయలు ఒలిచే తీరికే లేదు. తలుపేమో రోజంతా కొట్టుకుంటోంది. షోకేసులోంచి ప్లిమత్ రాయి తీసి అడ్డం పెట్టి చూశాను. గాలికి ఆగలేదు.