లువెర్జాక్‌కు వచ్చిన తెల్ల బండి

ఆ బుధవారం ఉదయం రెజీస్, సొలాంజ్ దంపతులు పెట్టుకున్న పనులు చాలా కొద్ది. రొట్టె తెచ్చుకోవడం, కాఫీ తాగడం, నీడలో కూర్చోవడం, భోజనమయ్యాక ఎటు వెళ్లాలో నింపాదిగా ఆలోచించడం. జూలై మొదటి వారం నుంచి వాళ్లు మంచం, వంటగది అమర్చిన తమ మోటార్‌హోమ్‌లో పల్లెలమ్మట తిరుగుతున్నారు. ఎక్కడా తొందరపడకూడదన్నది రెజీస్ పెట్టిన నియమం. దాన్ని ఎవరైనా మీరుతున్నారేమోనని అతను రోజంతా గడియారం చూసుకుంటూ ఉండేవాడు.

రెజీస్ ముప్ఫై అయిదేళ్లు బీమా కంపెనీలో ప్రమాదాల పరిశీలకుడిగా పనిచేశాడు. గుద్దుకున్న రెండు కార్లను చూసి, తప్పు ఏ కారుదో తేల్చడం అతని ఉద్యోగం. రిటైరయ్యాక కూడా అలవాటు పోలేదు. ఇంట్లో గ్లాసు పగిలినా విచారణ జరగాల్సిందే, అది తన తప్పు కాదని తేలాల్సిందే. సొలాంజ్ నాంత్ పట్నంలో ఒక డాక్టరు దగ్గర ముప్ఫై ఏళ్లు రోగుల వరుస చూసుకునే పని చేసింది. అరిచేవాళ్లనూ, మూలిగేవాళ్లనూ, వంతు కాకుండా లోపలికి దూరేవాళ్లనూ ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. ఆ చూపు మొగుడి మీద మాత్రం ఏనాడూ పనిచేయలేదు.

ముందురోజు సాయంత్రం వాళ్లు లువెర్జాక్ అనే పల్లె చేరారు. మేయరు కార్యాలయం ముందు చెట్ల నీడ, పక్కనే కరెంటు ప్లగ్గు, ఎదురుగా రొట్టెల దుకాణం చూసి రెజీస్ బండిని అక్కడే ఆపాడు. చెట్టుకు ఒక అట్ట కట్టి ఉంది. బుధవారం ఈ చోటు ఖాళీగా ఉంచాలని దాని మీద రాసి ఉన్నట్టు సొలాంజ్ చదివి చెప్పింది. ఈ రోజు మంగళవారం కదా అన్నాడు రెజీస్. తెల్లవారాక ఆ రోజు బుధవారమని ఆమె మళ్లీ చెప్పింది. కాఫీ అయ్యాక చూద్దామన్నాడు.

కాఫీ ఇంకా కాకముందే ఉగెట్ అనే ముసలావిడ బండి మెట్టు దగ్గరికి వచ్చి, లోపలికి రావచ్చా అని అడిగింది. ఆవిడకు ఎనభై దాటాయి. దారిపొడుగునా ఏ ఊళ్లో ఆగినా ఎవరో ఒకరు బండి లోపల చూస్తామనడం, రెజీస్ ఉబ్బిపోయి చూపించడం మామూలే. అందుకని చేయి అందించి మరీ ఎక్కించాడు.

"రండి మదాం, రండి. చెప్పులు మాత్రం విప్పెయ్యండి, కొత్త తివాచీ."

ఆవిడ చెప్పులు విప్పింది. అడక్కుండానే మేజోళ్లు కూడా విప్పి, మంచం అంచున కూర్చుంది.

"ఇలాంటి బండెక్కడం మొదటిసారా?"

"మొదటిసారే. పోయినేడే వస్తుందన్నారు, రాలేదు."

తన బండి పేరు ఇంత దూరం పాకిందని రెజీస్ మురిసిపోయాడు. "ఎక్కడానికి కష్టమైందా?"

"ఎడమ కాలు నాయనా. పిక్క పట్టేసినట్టుంటోంది. మూడు వారాలైంది, వాచింది కూడా."

"కదలకుండా కూర్చుంటే అంతే. పొద్దున్నే అరగంట సైకిలు తొక్కండి. నా మోకాలు అలాగే దారికొచ్చింది."

"మందులేం వద్దా?"

"మందులెందుకండీ, దండగ."

తర్వాత ఆవిడకు ఫ్రిజ్జు, షవరు, మడతపెట్టే బల్ల చూపించాడు. ఉగెట్ దిగి వెళ్లి, ఇంత మంచి డాక్టరును తన జన్మలో చూడలేదని చెట్టు కింద ఉన్నవాళ్లకు చెప్పింది. కంప్యూటరు వంక తిరగనైనా తిరగలేదట. మాటలతోనే సగం నొప్పి తీసేశాడట. ఆఖరుకు ఫ్రిజ్జు తెరిచి కూడా చూపించాడట.

గంటలో చెట్టు కింద ఇరవై మంది చేరారు. రెండో మనిషి లోపలికి రాగానే చొక్కా విప్పేశాడు. ఎండాకాలం కదా, పల్లెటూళ్లో మొహమాటాలుండవనుకుని రెజీస్ ఏసీ పెంచాడు. పైకప్పు మీద ఆ ఏసీ పెట్టె తాను స్వయంగా బిగించానని చెప్పి, గట్టిగా గాలి పీలిస్తే తేడా తెలుస్తుందన్నాడు. ఆ మనిషి పీల్చాడు. వదలమని ఎవరూ చెప్పకపోయేసరికి ముఖం కందిపోయేదాకా బిగబట్టి కూర్చున్నాడు.

సొలాంజ్ బయట కుర్చీలో పుస్తకం చదువుకుంటూ వరుస వంక చూసింది. మళ్లీ చూసింది. తర్వాత పుస్తకం మూసేసి బండిలో తలపెట్టింది.

"వాళ్ల చేతుల్లో ఎక్స్‌రే కవర్లున్నాయి, రెజీస్."

"పల్లెటూరి వాళ్లు ఏదీ పారెయ్యరు. గుడ్లు తెచ్చుకోడానికి పనికొస్తాయి."

"ఒకాయన సీసాలో ఉచ్చ పట్టుకొచ్చాడు."

"ఆపిల్ రసమై ఉంటుంది. మర్యాదగా పుచ్చుకో."

పదకొండు గంటలకు, ఊరూరా తిరిగి వైద్యం చేసే అసలు డాక్టరు బస్సు వచ్చింది. దాని డ్రైవరు సందు మలుపులో ఆపి చూశాడు. తన చోట్లో తెల్ల బండి ఉంది, దాని ముందు రోగులు బారులు తీరి ఉన్నారు, ఒకాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ దిగుతున్నాడు. ఒకే ఊరికి రెండు బళ్లు పంపడం పైవాళ్లకు కొత్త కాదు గనక అతను ఆశ్చర్యపోలేదు. బస్సు తిప్పుకుని తర్వాతి ఊరు పెరిలాన్‌కు పోయాడు. వరుసలో వాళ్లు ఆ బస్సును చూడకపోలేదు. చేతికొచ్చిన వంతు వదులుకుని దాని వెంట ఎవరు పడతారు?

పన్నెండుకు మేయరు గిస్లేన్ వచ్చింది. ఆవిడ మేకలు పెంచి జున్ను చేసి అమ్ముతుంది. డాక్టరు గారికని మంచి జున్ను ముద్ద ఒకటి ఆకుల్లో చుట్టి తెచ్చింది. రెజీస్ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"ఎంతమంది అయ్యారండీ?"

"పదకొండు మంది చూసి వెళ్లారు. అందరికీ నచ్చింది. ముఖ్యంగా షవరు."

మేయరమ్మ బండి లోపలికి తొంగి చూసింది. తర్వాత మెల్లిగా, "ఇంతకీ తమరు దేని డాక్టరు?" అంది.

డాక్టరును కాదనీ, బీమా మనిషిననీ రెజీస్ చెప్పేసరికి చెట్టు కింద జనం బండి చుట్టూ మూగారు. లువెర్జాక్‌లో ఉన్న ఒక్క డాక్టరూ తలుపులు మూసుకుని వెళ్లి ఆరేళ్లయింది. ఈ ఒక్క రోజు బస్సు కోసం గిస్లేన్ ఆరోగ్య కార్యాలయానికి పదమూడు నెలలు ఉత్తరాలు రాసింది. అది వచ్చి పెరిలాన్ వైపు పోయిందని ఇప్పుడు వరుసలోవాళ్లు చెబితే తెలిసింది. ఆవిడ ఆ ఆఫీసుకు ఫోను చేసింది. భోజన విరామం, రెండు తర్వాత చేయమని రికార్డు వినిపించింది. ఈలోగా రైతు ఫిర్మాన్ ఎవరూ చెప్పకుండానే తన ట్రాక్టరు తెచ్చి మోటార్‌హోమ్ ముందు అడ్డం పెట్టాడు.

అట్ట మీద అక్షరాలు చిన్నవిగా రాయడం ఊరివాళ్ల తప్పని రెజీస్ వాదించబోయాడు. గిస్లేన్ అతని చేతిలోంచి జున్ను వెనక్కి తీసుకుంది.

"డాక్టర్ని తరిమింది మీరు. పట్టించేది కూడా మీరే. ఎక్కండర్రా."

తొమ్మిది మంది బండెక్కారు. చెప్పులు ఎవరూ విప్పలేదు. మిగిలినవాళ్లు ఫిర్మాన్ ట్రాక్టరు ట్రాలీలో కూర్చుని వెనకాలే వచ్చారు. ఉగెట్‌ను సొలాంజ్ మంచం మీద పడుకోబెట్టి, వాచిన కాలు కింద దిండు పెట్టింది. ఆ కాలు వాలకం ఆమెకు ఏమాత్రం నచ్చలేదు.

పెరిలాన్ దారి పాత రైలు వంతెన కింద నుంచి పోతుంది. బళ్ల ఎత్తు పరిమితి రాసిన బోర్డు సొలాంజ్‌కు దూరం నుంచే కనిపించింది. ఏసీ పెట్టె బిగించాక బండి అందులో పట్టదని చెప్పింది. బోర్డుల మీద ఎప్పుడూ తగ్గించే రాస్తారు, భయస్థుల కోసం, అని రెజీస్ వివరిస్తుండగా పైన పెద్దగా బరబరమని చప్పుడైంది. బండి సగం వంతెన కిందికి దూరి, ముందుకూ వెనక్కూ కదలకుండా బిగుసుకుపోయింది.

అతను దిగి, పైకి చూసి, వంతెన కుంగిందని తేల్చాడు.

అదే సమయానికి అవతలి వైపు హారను మోగింది. పెరిలాన్‌లో పని, భోజనం ముగించుకుని డాక్టరు బస్సు తిరిగి వస్తోంది. పట్నం పోవడానికి దానికి ఇదొక్కటే దారి. రెండోదాని మీద తారు పోస్తున్నారు. చిన్న వయసు డాక్టరొకామె బస్సు దిగి వచ్చి, తన పనివేళ అయిపోయిందని చెప్పింది. బండిని లాగెయ్యమని డ్రైవరు ఫిర్మాన్‌ను అడిగాడు.

"లాగుతానండీ, లాగకేం," అన్నాడు ఫిర్మాన్. "నా వంతు అయిపోనివ్వండి. నాది ఆఖరు."

సొలాంజ్ టైర్ల వంక చూసింది. నాలుగింటిలోనూ కాస్త గాలి తీసేస్తే బండి నాలుగు వేళ్లు దిగుతుంది, వెనక్కి జారుతుంది, పది నిమిషాల పని. ఆ మాట అనడానికి నోరు తెరిచింది. అప్పుడే ఫిర్మాన్ ఆమె వంక చూశాడు. అతనికీ తెలుసు. బతిమాలుతున్నట్టు తల అడ్డంగా ఊపాడు. సొలాంజ్ నోరు మూసుకుంది. కుర్చీలు దింపించి, వంతెన నీడలో వరుసగా వేయించి, జనాన్ని ముప్ఫై ఏళ్ల అలవాటు చొప్పున కూర్చోబెట్టింది. ఉగెట్‌ను ఎవరినీ అడగకుండా అందరికన్నా ముందు పంపింది.

డాక్టరు ఆ కాలు చూసిన అయిదు నిమిషాలకే అంబులెన్సుకు ఫోను చేసింది. పిక్కలో రక్తం గడ్డకట్టిందనీ, ఊపిరితిత్తుల్లోకి పాకితే ప్రాణానికే ముప్పనీ చెప్పింది. పనివేళల మాట మళ్లీ ఎత్తలేదు. ఒక్కటి మాత్రం అడిగింది.

"రేపట్నుంచి సైకిలు తొక్కమన్నది ఎవరు?"

అందరూ రెజీస్ వైపు తిరిగారు. జీవితంలో మొదటిసారి అతనికి తప్పు ఎవరి మీద వేయాలో తోచలేదు. పెరిలాన్ అవతలి ఆసుపత్రి అంబులెన్సు వచ్చి ఉగెట్‌ను ఎక్కించుకుంటుంటే, ఆవిడ పొద్దున బండిలో మరిచిపోయిన మేజోళ్లు పట్టుకుని రెజీస్ వెంట నడిచి, తలుపు మూసేముందు చేతికిచ్చాడు. పాపం మీరైనా చెప్పులు విప్పమన్నారు, లేకపోతే ఈ వాపు ఎవరూ చూసేవారే కాదు అంది ఆవిడ. ఆ మాట అతనికి ఓదార్పుగా వినిపించలేదు.

ఆరున్నరకు ఫిర్మాన్ రక్తపోటు చూడడం పూర్తయింది. సొలాంజ్ నాలుగు టైర్లలో గాలి తీసింది. బండి నెమ్మదిగా కిందికి దిగింది. ఏసీ పెట్టె మాత్రం వంతెనకే ఉండిపోయింది.

"ఇది నీకు ముందే తెలుసా?" అన్నాడు రెజీస్.

"ఒంటిగంటన్నరకే తెలుసు."

"మరి చెప్పవే?"

"ఇన్నేళ్లూ చెబుతూనే ఉన్నాగా."

తాళంచెవి కోసం ఆమె చేయి చాపింది. అతను ఇచ్చేశాడు. ఉగెట్ పది రోజులకు కోలుకుని ఇంటికొచ్చింది.

ఆ ఏడాది ఆరోగ్య కార్యాలయం వారి నివేదికలో, లువెర్జాక్‌కు ఒకే రోజు రెండు వైద్య వాహనాలు వచ్చాయనీ, కాబట్టి వచ్చే ఏడాది ఆ ఊరికి ఒక్కటి కూడా అవసరం లేదనీ నమోదైంది.