ఒక్క గ్రామూ తగ్గకుండా ఐదు కిలోలు తగ్గిన వైనం

లిఫ్టు తలుపు మీద 'మెట్లు మీ మిత్రులు' అని అంటించాలి. క్యాంటీన్‌లో పెద్ద ప్లేట్లు తీసేసి చిన్నవి పెట్టాలి. పుట్టినరోజులకు కేకు బదులు పుచ్చకాయ కోయాలి. ఉద్యోగులందరి చేతులకూ అడుగులు లెక్కపెట్టే బ్యాండ్లు కట్టాలి. అందరి బరువూ తూచాలి, ఎత్తు కొలవాలి, నడుము చుట్టుకొలత రాయాలి. నడుము కొలిచేటప్పుడు ఎవరినీ ఊపిరి బిగబట్టనివ్వకూడదు.

ఇవీ హెడ్డాఫీసు సర్క్యులర్ ప్రకారం మేము చేయవలసిన పనులు. అన్నిటికన్నా చివరిదే కష్టమైంది. ముప్పై నాలుగు మందిలో ముప్పై ముగ్గురు బిగబట్టారు. మిగిలిన ఆయనకు సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చింది.

ఆఫీసులో ఇలా మనుషుల్ని తూచడం వేధింపని చాలామంది గొణుగుతున్నారు. నేను ఒప్పుకోను. మనిషికి జరిగిన మేళ్ళలో నిప్పు, చక్రం తర్వాత ఇదే! ఎందుకో మీరే వినండి.

మాది ఓడల మీద సరుకు పంపే కంపెనీ. పదకొండు దేశాల్లో ఆఫీసులున్నాయి. సరుకు పంపే కంపెనీ అన్నాను కదా అని మేము పెట్టెలు మోస్తామనుకునేరు. ఏ పెట్టె ఏ రేవులో ఉందో కంప్యూటర్‌లో చూసి చెప్పడం మా పని. ఉదయం తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే, సాయంత్రం ఆరుకు లేచేది మేమా కుర్చీయా అన్నట్టు ఉంటుంది.

ఆ పదకొండు ఆఫీసుల సగటు బరువులూ ఒక పట్టికగా వేసి పంపారు. మా సగటు డెబ్బై ఎనిమిది కిలోలు. అన్ని దేశాల కన్నా కింద మేమున్నాం. మా మేనేజరు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, తలకిందులుగా పట్టుకుని మళ్ళీ చూశారు. అలా పట్టుకుంటే మేమే ఫస్టు. కానీ హెడ్డాఫీసువాళ్ళు అలా పట్టుకోరు కదా!

అందుకని ఆరోగ్యం పనులన్నీ నాకు అప్పగించారు. కారణం చెబుతాను. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. చిన్నప్పటి నుంచీ చుట్టుపక్కల ఎవరింటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. కాబట్టి ఫారం అంటే నాకు భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. చుక్కల గీత కనిపిస్తే నింపేదాకా మనసు కుదురుకోదు. నింపాక తప్పు రాశానేమోనని మళ్ళీ చదువుతాను. ఈ గుణం ఉన్నవాణ్ణి ఆఫీసుల్లో పట్టుకుని వదలరు.

సర్క్యులర్‌తో పాటు రంగురంగుల పుస్తకం ఒకటి వచ్చింది. 'ప్రపంచంలోని సన్నటి దేశాల ఆరోగ్య రహస్యాలు' అని. శ్రద్ధగా మూడుసార్లు చదివాను. అబ్బ, ఏం రహస్యాలండీ!

ఒక దేశంలో కడుపు నిండకముందే పళ్ళెం ముందు నుంచి లేస్తారట. మా అమ్మ జీవితమంతా అలాగే లేచింది. అది విదేశీ పద్ధతని ఆమెకు తెలియదు, పాపం. గిన్నెలో అయిపోయిందని లేస్తున్నాననుకునేది.

ఇంకో దేశంలో చిన్నా పెద్దా సైకిల్ మీదే పనికి వెళతారట. మా నాన్న ముప్పై ఏళ్ళు సైకిల్ తొక్కారు, వెనక ఇటుకలు పెట్టుకుని. మరో దేశంలో మాంసం ఎప్పుడో పండగకు తప్ప ముట్టరట. వేరొక చోట రోజుకు పదహారు గంటలు ఏమీ తినకుండా ఉంటారట, దానికి ఒక యాప్ కూడా ఉందట. పుస్తకం మూసేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. మేము పేదవాళ్ళమని ఇన్నాళ్ళూ పొరబడ్డాను. మేము ఆరోగ్య నియమాలు పాటించే కుటుంబం!

ఆ నియమాల నుంచి నన్ను తప్పించాలనే కదా చదివించారు? ఉద్యోగంలో చేరిన ఏడాదికి నా పొట్ట ముందుకు వచ్చింది. మా అమ్మ దాన్ని చూసి మురిసిపోయింది. బంధువులొస్తే నన్ను పక్కకు తిరిగి నిలబడమనేది. ఇప్పుడు అదే పొట్టకు నా చేతే టేపు పెట్టించారు. సరే, ఉద్యోగ ధర్మం.

ఇక బ్యాండ్ల సంగతి. మొదటి మూడు రోజులూ అందరూ మెట్లెక్కారు. మా ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. నాలుగో రోజుకు బాబాయ్ మోకాలు పట్టేసింది. బాబాయ్ అంటే నాకు సొంత బాబాయి కాదు, మా రికార్డుల సెక్షన్ పెద్దాయన. ఆఫీసుకంతటికీ ఆయన బాబాయే. ఆయన మెట్ల మీద కూలబడి ఉంటే మెట్లక్క చూసింది.

మెట్లక్క గురించి చెప్పాలి. మా బిల్డింగులో తుడిచే పనివాళ్ళు ఆరుగురు. వాళ్ళు మా కంపెనీ వాళ్ళు కాదు, క్లీనింగ్ కాంట్రాక్టు వాళ్ళు. అందులో ఐదంతస్తుల మెట్లూ ఆమె వంతు. బకెట్టుతో కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, రోజుకు ఎన్నిసార్లో ఆమెకే లెక్కలేదు. కాంట్రాక్టువాళ్ళకు క్యాంటీన్‌లో కూర్చునే రూలు లేదు కాబట్టి, మూడు, నాలుగు అంతస్తుల మధ్య మలుపులో నిలబడి అన్నం డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని మూసేస్తుంది. తినేటప్పుడు కూడా మెట్ల మీదే ఉంటుంది కాబట్టి ఆ పేరు.

బాబాయ్ ఆమెతో, అమ్మాయ్, నువ్వెలాగూ పైకి వెళుతున్నావు, దీన్ని కాస్త తీసుకెళ్ళి తీసుకురా అని బ్యాండు విప్పి ఇచ్చారు. అది మొదలు. మర్నాడు ఇద్దరు ఇచ్చారు. వారం తిరిగేసరికి ఆమె రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచేతుల దాకా బ్యాండ్లే. పదకొండు! నల్లవి, నీలివి, హెచ్.ఆర్. మేడమ్‌ది గులాబీ రంగుది. నేల తుడుస్తుంటే ఒక్కోటీ కీచుమని 'భేష్, లక్ష్యం చేరుకున్నారు' అని వెలిగేది. ఐదో అంతస్తులో సీట్లలో కూర్చున్నవాళ్ళు ఫోన్లో ఆ మెసేజీ చూసుకుని, నిజంగానే కొంచెం ఆయాసపడేవారు.

బాధ్యత నాది కదా, ఆపలేదా అంటారా? సర్క్యులర్ తీసి చూశాను. బ్యాండు రోజంతా చేతికి ఉండాలని రాసి ఉంది. ఎవరి చేతికి అన్న కాలమ్ లేదు. నిజం చెప్పాలంటే, మా మేనేజరు అడుగుల లెక్క తనిఖీ చేసిన రోజు ఆమె చేతుల మీద పన్నెండు బ్యాండ్లున్నాయి. పన్నెండోది నాది.

నెలాఖరుకు రెండోసారి తూచే ఫారం వచ్చింది. మొదటి ఫారంలో 'ఉద్యోగులు' అని ఉండేది. ఇందులో 'ప్రాంగణంలో పనిచేసే వారందరూ' అని ఉంది. ఇంకెవరైనా అయితే ఆ తేడా చూసేవారు కాదు. నేను చూశాను. అందరూ అంటే అందరూనే కదా? నేను కిందికి వెళ్ళి తుడిచే పనివాళ్ళు ఆరుగురినీ పిలుచుకొచ్చాను.

మెట్లక్క చెప్పులు విప్పి, బ్యాండ్లన్నీ తీసి బల్ల మీద పెట్టి, మిషన్ ఎక్కింది. నేను వంగి చూశాను. ముప్పై తొమ్మిది.

"ఎంతుంటే అంత రాసుకో తమ్ముడూ, నాకేం సిగ్గు? ముప్పై తొమ్మిదంటే మంచిదేనా?"

"ఎంత తక్కువుంటే అంత మంచిదని రాశారక్కా."

ఆమె సంతోషించింది. కిందికి వెళ్ళి మిగతావాళ్ళతో చెప్పుకుందట కూడా, అందరికన్నా తనకే మంచి నంబరు వచ్చిందని.

ఇప్పుడు లెక్క చూడండి. ముప్పై నాలుగు మంది మాత్రమే ఉన్నప్పుడు మా సగటు డెబ్బై ఎనిమిది. ఈ ఆరుగురి సగటు నలభై మూడు. అందరినీ కలిపితే మా ఆఫీసు డెబ్బై మూడు లోపలికి దిగిపోయింది! ఒక్కరూ ఒక్క గ్రామూ తగ్గలేదు. హెచ్.ఆర్. మేడమ్ ఒకటిన్నర కిలో పెరిగారు కూడా. అయినా మేమంతా కలిసి ఐదు కిలోలకు పైగా తగ్గాం. ఇంత నొప్పి లేని వైద్యం ఏ దేశంలోనైనా ఉందా? అడుగుల్లో అయితే మిగతా పది దేశాలూ మా వెనకే. పట్టికలో మేమే ఫస్టు, కాగితం తిన్నగా పట్టుకున్నా సరే.

మేనేజరు నా భుజం తట్టారు. ఫస్టు వచ్చినందుకు కప్పు ఇవ్వడానికి హెడ్డాఫీసు నుంచి మనిషి వస్తాడన్నారు.

కప్పు కన్నా ముందు రిపోర్టులు వచ్చాయి. తూచిన ప్రతి మనిషికీ కంప్యూటర్ తయారు చేసిన సలహా కాగితం ఒకటి. బాబాయ్‌కి 'మీ చురుకుదనం కుర్రకారుకు ఆదర్శం, కాస్త విశ్రాంతి తీసుకోండి' అని వచ్చింది. మెట్లక్క బరువు ఫారంలో ఉంది, ఆమె పేరు మీద బ్యాండు లేదు. కాబట్టి కంప్యూటర్ ఇలా రాసింది: 'రోజువారీ అడుగులు: సున్నా. బరువు: ప్రమాదకరంగా తక్కువ. కదలిక లేని జీవనశైలి వల్ల కండరాలు క్షీణించాయి. శ్రమకు పనికిరారు. వీలైతే రోజూ కొంత దూరం నడవడం అలవాటు చేసుకోవాలి.'

నేను దాన్ని రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

ఆ కాగితం నకలు రూలు ప్రకారం క్లీనింగ్ కంపెనీకి కూడా వెళ్ళింది. సూపర్‌వైజరు వచ్చి, సోమవారం నుంచి రావద్దని ఆమెకు చెప్పేశాడు. నేను అడ్డం పడితే అతను నిదానంగానే జవాబిచ్చాడు.

"నాకేం తెలుసు సార్. తూచింది మీరు, రాసింది మీరు, కింద సంతకం కూడా మీదే. రేపు మెట్ల మీద పడిపోతే నన్నడుగుతారు."

ఆమె ఐదో అంతస్తుకు వచ్చింది. చేతిలో బకెట్టు లేకుండా ఆమెను చూడడం నాకు అదే మొదటిసారి. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. ఇంట్లో వండేది తన రాబడి మీదేనని ఎప్పుడో చెప్పింది, ఆ మాట కూడా మళ్ళీ ఎత్తలేదు.

"నేను నడవలేదని రాశారంట. నడవకపోతే ఈ ఐదంతస్తులూ ఎవరు తుడిచారో నువ్వే చెప్పు తమ్ముడూ. నువ్వు చదువుకున్నవాడివి కదా."

చదువుకున్నవాణ్ణి కదా, మేనేజరు గదిలోకి వెళ్ళాను. బ్యాండ్ల సంగతి హెడ్డాఫీసుకు రాసి రిపోర్టు సరిచేయిద్దామన్నాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, కప్పు ఇచ్చిన తర్వాత చూద్దామన్నారు. ఇప్పుడు బయటపెడితే ముప్పై నాలుగు మంది పరువు పోతుందన్నారు. ఆమె గతేమిటని అడిగితే, "ఆమె మన స్టాఫ్ కాదు కదయ్యా" అన్నారు.

తూచేటప్పుడు మన మనిషే కదండీ అని అడగాల్సింది. ఆ జవాబు నాకు రెండో అంతస్తు దాకా దిగాక తట్టింది. మాలాంటివాళ్ళకు జవాబులెప్పుడూ మెట్ల మీదే తడతాయి.

మళ్ళీ పైకి ఎక్కి నా సీట్లో కూర్చుని ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. బ్యాండ్లు ఎవరెవరివో పేర్లు రాయాలి కదా, నా పేరు రాసి ఆగాను. బాబాయ్ కుంటుకుంటూ వచ్చి వెనక నిలబడి చదివారు. చేతికున్న బ్యాండు విప్పి నా బల్ల మీద పెట్టారు.

"నాది పైన రాయరా. నా మోకాలితోనే మొదలైంది ఇదంతా."

పన్నెండు పేర్లూ రాసి ఉత్తరం పంపాను. మిగతా పదిమందీ ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. హెచ్.ఆర్. మేడమ్ నేనెదురొస్తే లిఫ్టు బటన్ నొక్కేస్తున్నారు. హెడ్డాఫీసు నుంచి జవాబు మాత్రం గంటలోనే వచ్చింది, అదీ కంప్యూటర్ రాసిందే. వివరాలు సరిచేయాలంటే సదరు వ్యక్తి తన ఉద్యోగి నంబరుతో దరఖాస్తు పెట్టుకోవాలట. ఆమెకు ఉద్యోగి నంబరు లేదు. కాబట్టి ఆమె నడిచినట్టు రుజువు కావాలంటే ముందు ఆమె మా ఉద్యోగి కావాలి. మా ఉద్యోగి అయితే నడవాల్సిన పనే ఉండదు!

నేను ఆ దరఖాస్తు ఫారం వదల్లేదు. ఉద్యోగి నంబరు గడిలో నా నంబరు వేసి, ఇవి నా అడుగులు కావు, ఆమెవి, వెనక్కి ఇచ్చేయండి అని రాసి పంపాను. మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోది ఈ ఉదయం పంపాను. ఆమె పని మానిపించి పన్నెండు రోజులైంది.

కాబట్టి పాఠకులారా, ఈ తూనికలు వేధింపని ఎవరైనా అంటే నమ్మకండి. ఏ దేశంవాళ్ళు ఏం తిని సన్నగా ఉన్నారో, ఏం మానేసి ఆరోగ్యంగా ఉన్నారో తెలుసుకోవడం చాలా మంచిది. నా అనుమానం ఒక్కటే. పట్టికలో సన్నగా కనిపించే దేశాల్లో నడక ఇష్టమై నడిచేవాళ్ళెందరు? తిండి వద్దనుకుని మానేసేవాళ్ళెందరు? ఈ గడి ఏ ఫారంలోనూ లేదు, నేను వెతికాను.

కప్పు శుక్రవారం వస్తుంది. పేపర్లో మా ఫోటో పడవచ్చు, ముప్పై నాలుగు మందిమీ పొట్టలు లోపలికి లాక్కుని నవ్వుతూ ఉంటాం. మీరు ఆ ఫోటో చూసి మెచ్చుకోండి, తప్పులేదు. కానీ ఆ ఫోటోలో లేని ఒక మనిషి ఉంది. ముప్పై తొమ్మిది కిలోలు. మా అందరి తరఫునా నడిచింది ఆమె, మా అందరి తరఫునా తగ్గింది ఆమె. ఆమెను ఒక్కసారి గుర్తు చేసుకోండి.